నాన్నకు నేను చెప్పిన జఫర్ పాఠం

మా నాన్న మొగులయ్యకు లీడరు కావాలన్న ఆశ ఏనాడూ లేదు. గడ్డపోతారం మందుల ఫ్యాక్టరీలో ఆపరేటరు. ఊళ్లో పటేలు ఇల్లు కాబట్టి అందరికీ ఆయనంటే గౌరవం. ఇంకో ఏడాదిలో రిటైరవుతాడు. అప్పటిదాకా ఏ గొడవా లేకుండా గడిస్తే చాలనుకున్నాను.

ఆదివారం పొద్దున కాంట్రాక్టు కార్మికులు పోతిరెడ్డిపల్లిలోని మా ఇంటికి గుంపుగా వచ్చారు. రియాక్టరు దగ్గర రసాయనాల ఘాటుకు ఊపిరాడట్లేదు, మాస్కులిచ్చేదాకా పని బంద్, ముందు నువ్వే ఉండాలన్నారు.

"నాతోని ఏమైతది బిడ్డా? నా మాట ఎవడింటడు?" అన్నాడు నాన్న.

నేను ఇంటర్ పిల్లలకు చరిత్ర చెప్తాను. 1857లో మీరట్ సిపాయిలు ఎర్రకోట మీదికి వచ్చి పడినప్పుడు ముసలి బాదుషా బహదూర్ షా జఫర్ కూడా ఇంతే. ఖజానా లేదు, ఫౌజు లేదు, నన్నొదిలేయండి అన్నాడు. వాళ్లు వదిలితే కదా! ఒక్కొక్కరే వచ్చి వంగితే తలమీద చెయ్యి పెట్టాడు. తిరుగుబాటు ఆయన పేరు మీదికి వచ్చింది.

కార్మికుల్లో మల్లేష్ వంగి నాన్న కాళ్లు మొక్కాడు. ఎవరు మొక్కినా తలమీద చెయ్యి పెట్టడం నాన్నకు అలవాటు. పెట్టాడు.

"పటేలు ఒప్పుకుండు!" అని అందరూ ఒకటే కేక.

కాదని చెప్పమని నేను సైగలు చేస్తూనే ఉన్నాను. చెప్పడే! ఆ పాడు మొహమాటం ఆయన్ను నిలువునా ముంచింది.

బంద్ జరిగింది. మర్నాడు ఆఫీసు నుంచి కబురు. ఎవరు బలవంతపెట్టారో పేర్లు చెబితే నౌకరీ ఉంటుందట. నాన్నను గడపలోనే ఆపాను.

"సిపాయిలు నన్ను బంధించి నా పేరు వాడుకున్నరని జఫర్ విచారణల చెప్పుకున్నడు. నువ్వూ గట్లనే చెప్పు నాన్నా. నీ విషయంల అబద్ధం గూడ కాదు."

ఆ మాట అన్నందుకే క్లాసులో జఫర్‌ను పిరికివాడని ఏటేటా తిట్టిపోస్తాను. అది మాత్రం నాన్నకు చెప్పలేదు.

మధ్యాహ్నానికే తిరిగొచ్చాడు.

"చెప్పినవా?"

"చెప్పిన. బంద్ పెట్టమన్నది నేనే అన్న."

నాకు ఒళ్లు మండిపోయింది. "నువ్వు అనలే గదా!"

"అనలే. గని ఆల్లు మాస్కులు అడిగిండ్రు శ్రీలతా. ఇన్నేండ్లల్ల నేను ఒక్కపారి గూడ అడగలే. ఇగ పనికి రావొద్దన్నరు. జెర అన్నం పెట్టు."

పళ్లెం ఠంగుమనేలా పెట్టి వడ్డించాను. కోపంలోనే ఏడుపొచ్చింది. పిరికిమాట నేర్పి పంపినవేందని ఆయన నన్ను ఒక్కమాట కూడా అనలేదు.