పాత పైథాన్

"ఇక నువ్వు సర్వర్ జోలికి రావద్దు, పాస్‌వర్డ్ మార్చేశాను," అన్నారు మా ఆయన పొద్దున్నే, ఇస్త్రీ చేసిన చొక్కా నా చేతిలోంచి తీసుకుంటూ. ఊళ్ళో సగం షాపుల బిల్లులు మా ముందుగదిలోని ఆ లినక్స్ మెషీన్ మీదే నడుస్తాయి. కంపెనీ ఆయనది. మెషీన్‌ని ఇన్నేళ్ళూ బతికించింది నేను. అందులోని ఏ ప్రోగ్రాం ప్యాకేజీకి కొత్తది వచ్చిందో, దాన్ని ఎక్కిస్తే ఏది పడిపోతుందో, దేన్ని అసలు కదపకూడదో చూసుకుంటూ, పొయ్యి మీద పాలు పొంగకుండా కూడా చూసుకుంటూ. అప్‌డేట్ సరిగ్గా జరిగితే ఏమీ జరిగినట్టుండదు. ఇల్లు ఊడవడం లాంటిదే, చేయని రోజే కనబడుతుంది. అందుకే మా అత్తగారు, "వాడు చాకిరీ చేస్తుంటే నువ్వు పక్కన చేరి టకటకలాడిస్తావేంటమ్మా," అనేవారు. నిన్న పార్ట్‌నర్‌గా చేరతానని వచ్చినాయనతో ఈయన, "మా ఆవిడా? ఖాళీగా ఉంటుందని ఏదో అప్పగించా," అన్నారు. జీతం లేకపోతే పోయింది, పనే లేదన్నాడు మహానుభావుడు. ఒళ్ళు మండిపోయింది.

ఇవాళ ఆ పార్ట్‌నర్ ముందు మెషీన్ దగ్గర తనే కూర్చున్నారు. నేను టీ తెచ్చేసరికి స్క్రీన్ చూపించి నవ్వుతున్నారు.

"చూశారా, ఎప్పటిదో పాత పైథాన్. చెత్త పోగేయడంలో ఆడవాళ్ళ తర్వాతే ఎవరైనా. తీసి పారేస్తున్నా."

సగం ప్రోగ్రాములు నడిచేది ఆ పైథాన్ భాషతోనే. ఆ చెత్త మీదే మెషీన్ సగం నిలబడి ఉంది.

"ఏవండీ, అది..."

"వెనక నిలబడి సలహాలివ్వకు. టీ అక్కడ పెట్టు."

పెట్టాను. పైథాన్‌తో పాటు ఇంకా ఏమేం పోతాయో మెషీన్ చాంతాడంత జాబితా చూపించి, కొనసాగించమంటారా అని అడిగింది. ఆయన చదవలేదు. ఎవరు చెప్పినా పూర్తిగా వినే అలవాటు ఆయనకి ఎప్పుడుంది గనక! నేను మొత్తం చదివాను. బిల్లుల ప్రోగ్రాం కూడా అందులో ఉంది. నోరు తెరవడానికి టైముంది. తెరవలేదు. ఆయన 'అవును' నొక్కారు.

టీ చల్లారేలోపే షాపుల నుంచి ఫోన్లు మొదలయ్యాయి. పార్ట్‌నర్ బ్యాగ్ సర్దుకుంటున్నాడు. షాపులవాళ్ళని తలచుకుంటే జాలేసింది. ఈయన్ని తలచుకుంటే వేయలేదు.

"ఏమోయ్," అన్నారు. ఆ గొంతు అంత మెత్తగా నేనెన్నడూ వినలేదు. "వెనక్కి తెచ్చే దారేమైనా ఉందా?"

ఉంది. అప్‌డేట్‌కి ముందు మెషీన్ మొత్తాన్నీ కాపీ తీసి పెట్టుకోవడం నా అలవాటు. నిన్న తీసిన కాపీ ఉన్న డిస్క్ బీరువాలో, ఆయన చొక్కాల అరలోనే ఉంది.

"నాకేం తెలుసండీ," అన్నాను. "ఖాళీగా ఉండేదాన్ని."

లోపలికి వెళ్ళి మిగిలిన చొక్కాలు ఇస్త్రీ చేశాను. ముడత లేకుండా మడిచి, ఒక్కొక్కటీ ఆ డిస్క్ మీద పేర్చాను.