నాలుగు హెడ్‌ఫోన్లకు ఒక పెట్టె

మూడో హెడ్‌ఫోన్ తలకు పెట్టుకుని ఖయ్యూం కళ్ళు మూసుకున్నాడు. కేసెట్‌లో ఆడగొంతు నిదానంగా ఇంగ్లీషు ఉత్తరం చెబుతోంది. "డియర్ సర్, విత్ రిఫరెన్స్ టు యువర్ లెటర్" అన్న ముక్క పొద్దుటినుంచి అరవైసార్లు విని ఉంటాడు. దాని అర్థం అతనికి అక్కర్లేదు. గొంతు ఎంత దగ్గరగా వస్తోంది, ఎక్కడ మొద్దుబారుతోంది, ఎక్కడ గీసుకుంటోంది, అంతవరకే అతని లెక్క. హెడ్‌ఫోన్ తీసి, జాలీలో చేరిన ఎర్రదుమ్మును ఊదాడు. రేవులో ఓడలకెత్తే ఇనుపరాయి దుమ్ము అది. వన్ టౌన్‌లో అన్నం మీదే పడుతుంది, హెడ్‌ఫోన్ల మీద పడదా.

బల్ల మీద అడుగు పొడవున్న రేకు పెట్టె ఉంది. మధ్యలో శబ్దం పెంచే ఒక గుండ్రటి మర, దాని కింద వరసగా నాలుగు కన్నాలు. మూడు రోజులుగా ఖయ్యూం చేస్తున్న యాంప్లిఫయర్ అది. చేయించుకుంటున్నది చాంద్ సుల్తానా. అల్లిపురంలో షార్ట్‌హ్యాండ్ నేర్పుతుంది. స్టీలు ప్లాంటు కట్టడం మొదలయ్యాక స్టెనో ఉద్యోగాలకు ఆశపడే ఆడపిల్లలు ఎక్కువయ్యారు. ఒకే గదిలో నలుగురు టేపు వింటూ రాసుకోవాలి, పక్కన టైపు నేర్చుకునేవాళ్ళకు అడ్డం కాకూడదు. అందుకని ఆమె హెడ్‌ఫోన్లు పోగుచేసింది. రెండు నల్లవి, బరువైనవి, విడగొట్టిన ఏదో పాత ఓడ వైర్‌లెస్ గదిలోవి. రెండు జపాన్‌వి, పిట్టంత బరువు, ఒక ఓడ కళాసీ అమ్మినవి. నాలుగూ కలిపి టేప్‌రికార్డరుకు తగిలిస్తే జపాన్‌వి శబ్దమంతా తాగేసేవి. నల్లవాటికి గుసగుస కూడా మిగిలేది కాదు.

ఓమ్ అంటే అడ్డుకు కొలత. నల్లవాటిలో రెండువేల ఓమ్‌ల అడ్డుంది, జపాన్‌వాటిలో ముప్పైరెండే. అడ్డు ఎక్కువున్నదాంట్లోకి శబ్దాన్ని గట్టిగా తొయ్యాలి. అంత జోరు జపాన్‌వాటికి పనికిరాదు. వాటి గుమ్మంలోనే ఒక రెసిస్టర్ పెట్టి ఆపాలి. ఎంతది పెట్టాలన్నది చెవి చెప్పాలి. నాలుగూ ఒకే ఎత్తున వినిపించిన చోట పని అయిపోయినట్టు.

నల్లవి కుదిరాయి. జపాన్‌వాటితోనే గొడవ. వంద ఓమ్‌లది పెడితే టేపులో చాంద్ సుల్తానా గొంతు కంబళి కప్పుకుని మాట్లాడినట్టుంది. అందులో సగానిది, నలభైయేడుది పెట్టాడు. అప్పటికి గొంతుకు కాస్త అంచు వచ్చింది. ఖయ్యూం తల ఊపుకున్నాడు.

"ఏటి బావా, కుదిరినాదా?" కౌంటరు దగ్గరనుంచి గురునాథరావు అడిగాడు. కొట్టు అతనిది.

"కుదుర్తాది. ఇంకొకటుంది."

"టీచరమ్మ పదకొండింటికి వత్తానంది. ఇది నచ్చితే తగరపువలసలో ఆవిడ పెట్టే కొత్త స్కూలుకి ఇంకో ఆరు పెట్టెలు మనకే. బల్ల నీదే. నచ్చలేదనుకో, ఆ జగ్గయ్య కూకుంటాడు మరి. నానేటి సెయ్యను?"

నవ్వుతూనే అన్నాడు. గురునాథరావు ఏదైనా నవ్వుతూనే అంటాడు. ఇన్నేళ్ళలో నవ్వుతూ అన్నది ఒక్కటీ అతను మానలేదని ఖయ్యూంకు తెలుసు. జగ్గయ్య పాలిటెక్నిక్ చదివినవాడు. పోయిన వారం వచ్చి, బల్ల అంచున వేలు రాసి, వేలికంటిన దుమ్ము చూసుకుని వెళ్ళాడు.

ఖయ్యూంకు యాభైయారేళ్ళు. సన్నటి మనిషి, చిన్న గడ్డం, వేళ్ళ కొసల్లో పాత కాలిన మచ్చలు. ఎడమచెవితో వింటూ వింటూ మెడ ఎడమకే ఒరిగిపోయింది. వాళ్ళ నాన్న ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవాడు. ఖయ్యూం యాభైమూడులో ఈ కొట్టుకు వచ్చాడు. అప్పటికి వాల్వు రేడియోలు. ఆ ఏడే జమాలున్నీసాతో నిఖా అయింది. కొట్టూ కాపురమూ ఒకేసారి మొదలయ్యాయి. పిల్లలు లేరు.

మనిషి దగ్గర సరుకున్నంత కాలమే బేరం నడుస్తుంది. ఖయ్యూం దగ్గరున్న సరుకు చెవులు. ఏ వాల్వు చావబోతోందో, ఏ స్పీకరు కాగితం చిరగబోతోందో విని చెప్పేవాడు. అలా చెప్పాలంటే రేడియోను ఆఖరిదాకా పెంచి, హెడ్‌ఫోన్ చెవికి అదిమిపట్టి కూర్చోవాలి. శబ్దం కొలిచే మీటరుంటే ఆ బాధ లేదు. అరవైరెండులో ఒకసారి, డెబ్బైయొకటిలో ఒకసారి మీటరు కొనమని అడిగాడు. "నీ సెవి ఉండగా మీటరెందుకు బావా" అన్నాడు గురునాథరావు రెండుసార్లూ. ఖయ్యూం దాన్ని మెప్పనుకున్నాడు. ఇంటికి వెళ్ళి జమాలున్నీసాకు చెప్పి మురిసిపోయాడు కూడా. ఊళ్ళో చెడిపోయిన రేడియోల రొదంతా ముప్పైయొక్క ఏళ్ళపాటు ఆ రెండు చెవుల్లోంచే పోయింది. గురునాథరావుకు మీటరు డబ్బు మిగిలింది. ఖయ్యూంకు ఏం తరిగిందో నాలుగేళ్ళ కిందటి వానాకాలందాకా అతనికే తెలియలేదు.

ఆ వానాకాలంలో ఒక సాయంత్రం ఇంటి గుమ్మంలో కూర్చుని, "పట్నం పెరిగిపోనాది. కీచురాళ్ళు కూడా పోనాయి" అన్నాడు.

జమాలున్నీసా బియ్యం ఏరుతున్న చెయ్యి ఆపి అతని మొహంలోకి చూసింది. "అవి గోల ఎత్తిపోతంటే పోనాయంటారేటండీ" అంది.

మరి ఆ మాట ఇద్దరూ ఎత్తలేదు. మర్నాటినుంచి ఆమె కాస్త గట్టిగా మాట్లాడటం మొదలుపెట్టింది. సన్నటి శబ్దాలే పోయాయి, మిగతావి ఉన్నాయి కదా అని ఖయ్యూం సరిపెట్టుకున్నాడు. సినిమా పాటకూ, వార్తలకూ ఆ మిగిలింది చాలు. నాలుగేళ్ళు ఎవరికీ తెలియకుండా నెట్టుకొచ్చాడు.

పదకొండు కాకముందే చాంద్ సుల్తానా వచ్చింది. ముప్పైయైదేళ్ళుంటాయి. నల్ల బురఖా ముసుగు వెనక్కి వేసుకుంది, చెవి వెనక పెన్సిలు దోపుకుంది. ఇద్దరికీ ఉర్దూ ఉన్నా, షావుకారు ఎదుట తెలుగులోనే మాట్లాడుకున్నారు.

"అయిందా చాచా?"

"కూకో బేటీ. ఇను."

ముందు నల్లది పెట్టుకుంది. కాసేపు విని, "నా గొంతు ఇంత బాగుంటుందా" అని నవ్వింది. రెండో నల్లదీ అంతే. జపాన్‌ది పెట్టుకుంది. మరుక్షణం రెండు చేతులతో లాగి బల్లమీద పడేసింది.

"ఇదేమిటి చాచా, చెవిలో మేకు దిగ్గొట్టినట్టుంది. వెనకాల పాము బుసలాగా ఒకటే రొద. గంటసేపు ఇది పెట్టుకుంటే పిల్లలకు తలనొప్పి రాదూ?"

ఖయ్యూం ఆ హెడ్‌ఫోన్ తీసి చెవికి పెట్టుకున్నాడు. గొంతు నిదానంగా, దూరంగా, మర్యాదగా ఉత్తరం చెబుతోంది. బుస ఎక్కడా లేదు.

అతనికి అర్థమైంది. నల్లవి పుట్టుకతోనే మొద్దువి. వాటిలో సన్న శబ్దం ఉండదు కాబట్టి అతని చెవికీ ఆమె చెవికీ ఒకలాగే వినిపించాయి. జపాన్‌వాటి గొప్పంతా సన్న శబ్దంలోనే ఉంది. తనకు వినిపించని ఆ ముక్క వినిపించేదాకా పెంచుకుంటూ పోయాడు.

గురునాథరావు అప్పటికే కౌంటరు దాటి వచ్చాడు. "అది జపాన్ దొంగసరుకు టీచరమ్మా. కళాసీలు అంటగట్టేత్తారు. పైకి సోకు, లోపలేటీ లేదు. మనకాడ మంచివున్నాయి, ఇదిగో, ఇవి పెట్టి సూడండి." అల్మారాలోంచి ఒక జత తీశాడు. "సెప్పు బావా, నువ్వు సెప్పు."

ఆ జత గురించి ఖయ్యూంకు తెలుసు. నల్లవాటి లాగానే మొద్దువి. ఈ పెట్టెకు తగిలిస్తే చక్కగా ఉంటాయి. ఆమె రెండు జతలు తీసుకుని సంతోషంగా వెళ్ళిపోతుంది, బల్ల అతనికే ఉంటుంది. తేల్చడానికి ఒక్క మాట చాలు. ముప్పైయొక్క ఏళ్ళ పరపతి ఉంది కాబట్టి ఆ మాటను ఎవరూ తిరిగి అడగరు.

ఇటు చూస్తే, జపాన్‌వి అతని చేతికొచ్చినవాటిలోకెల్లా మంచివి. విప్పి చూసినప్పుడు లోపల వెంట్రుకంత తీగ చుట్టిన తీరుకు మూడు రోజులుగా ముచ్చటపడుతున్నాడు. గడ్డి సరుకును మంచిదని అమ్మిన రోజులు కొట్టులో చాలా ఉన్నాయి, అవి గురునాథరావువి. మంచి సరుకును గడ్డి అనడం ఈ బల్లమీద ఇంతవరకు జరగలేదు.

"హెడ్‌ఫోన్లు మంచివే బేటీ," అన్నాడు. "నా సెవులే పోనాయి. సన్న శబ్దం నాకు ఇనపడదు. నువ్వు ఇను, నాను మారుత్తాను."

గురునాథరావు చేతిలోని జతను నెమ్మదిగా అల్మారాలో పెట్టేశాడు.

చాంద్ సుల్తానా స్టూలు దగ్గరకు జరుపుకుని జపాన్‌ది మళ్ళీ పెట్టుకుంది. ఖయ్యూం నలభైయేడుది తీసి వందది అతికించాడు. ఆమె వేలు కిందికి చూపించింది. రెండువందల ఇరవైది పెట్టాడు. వేలు ఇంకా కిందికే ఉంది, కానీ మొహం కాస్త సడలింది. మూడువందల ముప్పైది పెట్టాడు. ఆమె కళ్ళు మూసుకుంది, వేలు ఆగిపోయింది.

"ఆ," అంది. "ఇప్పుడు నల్లవీ ఇవీ ఒకే ఎత్తున ఉన్నాయి. బుస కూడా పోయింది."

రెండోదానికీ అదే వేశాడు. పని ఇరవై నిమిషాల్లో తేలిపోయింది. మరొకరి చెవి పక్కనుంటే మూడు రోజులు పట్టేది కాదు. ఆ సంగతి ఖయ్యూం గమనించాడు. కొట్టులో ఇంకెవరూ గమనించలేదు.

ఆమె పెట్టెను రెండు చేతులా పట్టుకుని కౌంటరు దగ్గర ఆగింది. "పని బాగుంది గురునాథరావు గారూ. ఆ ఆరూ మీకే ఇస్తాను." తర్వాత గొంతు బాగా తగ్గించింది. "కాకపోతే ఈసారి చెవులు బాగున్నవాళ్ళెవరినైనా చూడండి. పాపం చాచాకు కష్టం."

పోయింది సన్న శబ్దమే; దించిన మంద్రపు గొంతు ఖయ్యూంకు బాగానే వినిపిస్తుంది. ఒక్క అక్షరం పోలేదు.

మధ్యాహ్నం ఎవరూ రాలేదు. గురునాథరావు భోజనానికి వెళ్ళి, కొంచెం కునుకు తీసి, నాలుగింటికి వచ్చాడు. వచ్చి కౌంటరు వెనక్కి పోకుండా బల్ల దగ్గర నిలబడ్డాడు. అతని మొహంలో నవ్వు లేదు.

"ఖయ్యూం గారూ," అన్నాడు.

ముప్పైయొక్క ఏళ్ళలో అతను గారూ అనడం అదే మొదలు. మిగతాది వినకపోయినా ఫర్వాలేదనిపించింది ఖయ్యూంకు. అయినా విన్నాడు.

"రేపట్నుంచి జగ్గయ్య వత్తాడు. మీరింక ఇంటికాడ రెస్టు తీసుకోండి. టీచరమ్మ ఎదర ఆ మాట అనేశారు కదా, ఊరంతా తెలిసిపోద్ది. నానేటి సెయ్యను."

"సౌండు మీటరు కొంటావేటి అతనికి?"

"కొనాల మరి. కొత్తోడి సెవికేటి తెలుత్తాది."

ఖయ్యూం తల ఊపాడు. కరెక్టే అనిపించింది. అతని చెవులున్నంత కాలం మీటరు అక్కర్లేకపోయింది. చెవులు పోయాయి కాబట్టి మీటరు కావాలి. ఆ లెక్కలో ఎక్కడా తప్పులేదు.

సోల్డరింగ్ ఐరన్ కొట్టుది. దాన్ని ఆపి, చల్లారేదాకా చూసి, స్టాండులో పెట్టాడు. కటింగ్ ప్లేయరు, పట్టకారు, రెండు స్క్రూడ్రైవర్లు అతని సొంతం. వాటిని తువ్వాలులో చుట్టుకున్నాడు. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ ఒకసారి ఆగాడు. వెనకనుంచి "బావా" అంటాడేమోనని. గురునాథరావు అన్నాడో లేదో, అన్నా సన్నగా అని ఉంటే అతనికి తెలిసే వీలు లేదు. ఎడమకు ఒరిగిన మెడతో మెయిన్ రోడ్డు మీద నడిచి, రేవు వైపు పోయే లారీల మధ్య రోడ్డు దాటి వెళ్ళిపోయాడు.

చేసిన పని తాలూకు ముక్కలన్నీ ఏరి డబ్బాలో వేసిగాని బల్ల దగ్గరనుంచి లేచే మనిషి కాడు ఖయ్యూం. ఆ రోజు వెయ్యలేదు. బల్లమీద పరిచిన పాత న్యూస్‌పేపరు మీద, పొద్దున పీకేసిన నలభైయేడు ఓమ్‌ల రెసిస్టర్లు రెండు, కాళ్ళు వంగి, కొసలకు సోల్డరు మెరుస్తూ, అలాగే పడి ఉన్నాయి.