పాలిచ్చినామె పేరు

చేపలు తోముతున్న చేతులతో ముట్టుకుంటుందని, గోవిందరాజు పెళ్లికార్డు నమూనాను దూరంగా పట్టుకుని భార్యకు చూపించాడు. కూతురు సుజన పెళ్లి. తప్పులుంటే అచ్చుకు ముందే చెప్పమన్నారు భవానీపూర్ ప్రెస్సువాళ్లు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి, తల్లి పేరు దగ్గర ‘రమాకుమారి’ అని ఉండటం తప్ప.

“నా పేరు వెయ్యలేదేటి?” అంది.

“అది నీ పేరు కాదేటి?”

కాదు. ఆమె పేరు హలీమా. బడి సర్టిఫికెట్టు నుంచి ఆధార్ దాకా అదే. ఇరవయ్యారేళ్ల కిందట, పెళ్లిపీటల మీంచి లేచీ లేవగానే అత్తగారు, “సాయిబుల పేరు మా ఇంట సెల్లదు, ఇకనుంచి నువ్వు రమవి” అనేసింది. కొత్త కోడలిని అడగాలన్న ఊహే ఎవరికీ రాలేదు.

హలీమా అన్న పేరు ఊరికే రాలేదు. షాలిమార్ గూడ్స్ యార్డు పక్క, తెలుగువాళ్లూ బెంగాలీలూ కలిసుండే బస్తీలో ఆమె తల్లి పున్నమ్మకు అంతకుముందు ఇద్దరు పుట్టి పోయారు. మూడో కాన్పుకు జ్వరం ముంచుకొచ్చి పాలు పడలేదు. పక్కింటి ఫూల్‌బాను తన కొడుకును ఒక రొమ్ముకు, ఈ పిల్లను ఒక రొమ్ముకు వేసుకుని నలభై రోజులు సాకింది. “మా పేర్లు పెట్టిన బిడ్డలు నిలవనేదు, దీనికి నువ్వే పెట్టు, నీ బిడ్డనుకుంటే సావు దీని జోలికి రాదు” అని పున్నమ్మ బతిమాలింది. ఫూల్‌బాను ఆలోచించి హలీమా అంది. అరబ్బీలో ఆ మాటకు ఓర్పు గలది, నెమ్మది గలది అని అర్థమట. ప్రవక్తకు పసితనంలో పాలిచ్చి పెంచిన తల్లి పేరట. “మాలో పాలు తాగితే కన్నబిడ్డతో సమానం. నా కొడుక్కి ఇది చెల్లెలు. పాలిచ్చినామె పేరే పెడుతున్నా, ఇదీ రేపు పదిమందిని సాకుతుంది” అందట బెంగాలీలో.

సాకింది మరి. పక్షవాతంతో మంచాన పడ్డ అత్తగారికి మూడేళ్లు తినిపించి, కడిగి, పక్క మార్చింది. రమా అని పిలిచిన ప్రతిసారీ ఆఁ అత్తా అని పలికింది. నర్సింగ్ హోములో ఆయాగా చేరినప్పుడు ఒక పేషెంటు కూతురు బ్యాడ్జీ మీది పేరు చూసి, తన ముసలి తల్లికి ఆ చేతి నీళ్లు వద్దంది. మేట్రన్ దీదీ ఆ సాయంత్రమే, రమను బెంగాలీ పలుకుబడిలో ‘రొమా’ అని రాయించి కొత్త బ్యాడ్జీ ఇచ్చింది. మర్నాడు ఆ ముసలమ్మకు ఒళ్లు తుడిచి తల దువ్వింది ఈ చేతులే, ఎవరికీ ఏ అభ్యంతరమూ లేకపోయింది. ఆ అవమానం కన్నా, తాను కిక్కురుమనకుండా ఆ బ్యాడ్జీ తగిలించుకోవడమే ఆమెను ఇన్నేళ్లూ తినేసింది. ఓర్పు మాత్రం అందరికీ కావాలి, ఆ ఓర్పున్న మనిషి పేరు ఎవరికీ అక్కర్లేదు.

గోవిందరాజు చెడ్డవాడు కాదు. ఏనాడూ చెయ్యెత్తలేదు. ఆ ఒక్క మంచితనాన్నే ఇన్నేళ్లూ నెత్తిన పెట్టుకుని మోసింది.

“మగపెళ్లోళ్లు లిలువా రైల్వే ఓళ్లు. ఆ పేరు సూసి సంబంధం ఒద్దంటే పిల్ల గతేటి? ఒక్క కార్డు కాడే గదా, ఓర్సుకో,” అన్నాడు.

పిల్ల గతేమిటి? ఆమెకూ అదే భయం. కానీ రేపు లిలువాలో సుజనకూ వాళ్లకు నచ్చిన పేరేదో పెడతారు. అమ్మ పలికింది కదా అని అదీ ఆఁ అని పలుకుతుంది. ఆ ఊహకే ఆమెకు కళ్లు మండాయి.

చేతులు సబ్బుతో కడుక్కుని, కొంగుకు తుడుచుకుని, కార్డు అందుకుంది. రమాకుమారిని కొట్టేసి, పైన హలీమా అని రాసింది. అక్షరాలు కుదురుగా పడ్డాయి.

“నీకేటైనా మతి పోయిందేటి?” గోవిందరాజు గొంతు లేచింది. “పెళ్లిలో అందరి ముందూ ఈ హలీమా ఎవరని అడిగితే, ఏటి సెప్మంటావు?”

“పెళ్లికూతురి తల్లని సెప్పు,” అంది హలీమా.