బోర్లా పడుకున్న రాణులు

మా మిద్దె మీద ఆరు తేనెటీగల పెట్టెలున్నాయి. వాటిలో అయిదింటికి కోపం, ఆరోదానికి ఓపిక. ఆ అయిదింటిలో దేని మూత కదిపినా ఈగలు మీదికి ఎగబడతాయి. ఆరోదాని మూత తీసి, పక్కనే కుర్చీ వేసుకుని పేపరు చదువుకున్నా పట్టించుకోవు. నేను చదివి చూశాను. ఈగలు పట్టించుకోలేదు గానీ మా ఆవిడ పట్టించుకుంది, పని చెప్పింది.

పక్క మేడ మీద బట్టలారేసుకుంటున్న పళ్ళ డాక్టరమ్మ పెదవి మీద ఒక ఈగ కుట్టడంతో వ్యవహారం ముదిరింది. సరిగ్గా ఆ రోజే మా బావమరిది వచ్చాడు. వాడు వాచీలు బాగుచేస్తాడు.

"వాచినవన్నీ నీ దగ్గరికే కదరా వస్తాయి, ఆవిణ్ణి కూడా ఒకసారి చూడు" అన్నాను.

పిట్టగోడ అవతల ఉన్న డాక్టరమ్మకి ఇది వినబడింది. వాచిన నోటితోనే మా ఆవిడకి తీర్పు చెప్పింది.

"చలి మొదలయ్యేలోగా మీ ఈగలకి బుద్ధి వస్తే సరే. రాకపోతే పెట్టెలు దించెయ్యండి. మీ ఆయనకి మటుకు గడువు ఇవ్వక్కర్లేదు, రాదు."

దించితే పెట్టడానికి మాకు వేరే చోటు లేదు. పొద్దున లేవగానే మొహం కడుక్కోకముందే ఆ పెట్టెల దగ్గరికి వెళ్ళి నిలబడే మనిషి మా ఆవిడ. ఆ పూట అన్నం కూడా సగంలో వదిలేసింది.

సాయంత్రానికి మాత్రం ఆలోచన చేసింది. "ఈగల గుణం రాణి నుంచి వస్తుంది. మన శాంతం పెట్టె రాణికి కూతుళ్ళని తయారుచేసి, కోపం పెట్టెలకి ఒక్కొక్కదాన్ని కాపురానికి పంపాలి."

"పిల్ల కాపురానికి వస్తే ఇంటిల్లిపాదీ మారిపోతారా?" అన్నాను.

"మారరు. కొత్త రాణి పెట్టిన గుడ్ల నుంచి శాంతమైనవి పుడతాయి. కోపిష్టివి కాలం తీరి పోతాయి."

"మనింట్లో అలా జరగలేదే."

"మీ కాలం ఇంకా తీరలేదుగా."



శాంతం పెట్టె రాణి ముసలిది, అప్పటికే గుడ్లు తగ్గించేసింది. పెట్టెలో వేలాడే పట్టు పలకల్లో ఒకటి రెండింట్లో మాత్రమే పిల్లలున్నాయి. పైగా మా ఆవిడకి దగ్గరి చూపు మందగించింది. కావలసిందల్లా సన్నపని చేసే చెయ్యి. వాచీ ముళ్ళతోనే బతికే మా బావమరిదికంటే పనిమంతుడెవడు? నేను వాణ్ణి చిన్నముల్లు అంటాను. కదులుతాడు గానీ కదిలినట్టు కనబడడు.

వంటగది బల్లని తడిబట్టతో తుడిచి సరంజామా పరిచారు. ఒక చెక్క పట్టీ, దానికి వరసగా అతికించిన మైనం గిన్నెలు, చిట్టి చెంచాలా కొన ఒంగిన సూది. గిన్నె ఎంతంటే, చిటికెన వేలి కొసకి టోపీ పెట్టినంత. మా ఆవిడ శాంతం పెట్టెలోంచి ఒక పలక తెచ్చి, పిల్లలు ఎండిపోకుండా మీద తడిగుడ్డ కప్పింది. మా వాడు కంటికి భూతద్దం బిగించాడు.

"ఒక్కో గదిలో ఈగలు పోసిన తెల్లని చుక్క పాలలో తేలుతూ కామాలాగా ఒక పురుగు ఉంటుంది. నిన్నో ఇవాళో గుడ్డులోంచి వచ్చినవి తియ్యి. పాలతో సహా ఎత్తి గిన్నెలో దించు" అంది మా ఆవిడ.

వాడు చాలాసేపు చూశాడు. "అక్కా, ఇది రాణి పురుగా, పనిదాని పురుగా?"

"ఇప్పటికి ఏదీ కాదు. చిన్న గదిలో మామూలు మేత తింటే పనిది. గిన్నెలో తలకిందులుగా వేలాడుతూ ఆ తెల్లపాలే చివరిదాకా తాగితే రాణి."

"అంటే రెండూ ఒకటే గుడ్డా?"

"ఒకటే."

వాడు సూది పక్కన పెట్టి నా వంక చూశాడు. "బావా, నీకు చిన్నప్పుడు ఏం పెట్టారు?"

"గుడ్డే" అన్నాను.

పట్టీ నిండింది. రాణిని తీసేసి సిద్ధంగా ఉంచిన ఒక కోపం పెట్టెలో దాన్ని వేలాడదీశారు. రాణి లేని ఈగలు కంగారులో ఉంటాయి. గిన్నెలో తగిన పురుగు కనబడితే పాలు పోసి, గిన్నెని కిందికి సాగదీసి వేరుశనగకాయలా కడతాయి.

మర్నాడు మూత తీశాం. గిన్నెలన్నీ కడిగినట్టున్నాయి. ఈగలు పురుగుల్ని లాగి పారేశాయి. పట్టీ చివరి గిన్నె ఒక్కటే నిండుగా, చుట్టూ ఈగలు గుమిగూడి ఉంది.

మా ఆవిడకి ఏం చెయ్యాలో పాలుపోలేదు. పాలు పోయాల్సిన ఈగలకీ పాలుపోలేదు. శాంతం పెట్టెలో వెతికితే అరచేతి మేర గుడ్లు మిగిలాయి. ముసలి రాణి ఇక పెట్టేలా లేదు. అవి పిల్లలయ్యాక చెయ్యబోయేదే ఆఖరి ప్రయత్నం.

"ఆ చివరిదానికి ఏం చేశావురా?" అని అడిగింది తమ్ముణ్ణి.

"ఏం చెయ్యలేదక్కా. అన్నిటికంటే అదే నాసిగా చేశాను. భూతద్దానికి ఆవిరి పట్టింది, సరిగ్గా చూడకుండానే పెట్టేశాను."

"సరిగ్గా చూసినవి చచ్చాయి, చూడనిది బతికింది. నీ కన్ను అలాంటిదన్నమాట" అన్నాను.

వాడు టీలో ముంచుకోవడానికి బిస్కెట్టు తీశాడు. తిప్పి వెనక చూశాడు. ముంచాడు. ఇంకోటి తీశాడు. తిప్పి వెనక చూశాడు. మా ఆవిడ చేతిలోని గ్లాసు అలాగే ఆగిపోయింది.

"ఎందుకురా తిప్పుతున్నావు?"

"ఏది?"

"బిస్కెట్టు."

వాడు చేతిలోని దాన్ని మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. "తెలీదు. చక్రమైనా, మరైనా వెనక అరిగిందేమో చూసి గానీ బిగించను కదా. అలవాటు."

"పురుగుల్ని కూడా తిప్పావా?"

"తిప్పకుండా ఎలా పెడతానక్కా?"

మా ఆవిడ నెత్తి కొట్టుకోలేదు. నవ్వింది. ఆ పురుగు ఒక పక్కకి పడుకుని, పైకున్న వైపుతో గాలి పీలుస్తుందట. తిప్పి బోర్లా పెడితే పాలలోనే మునిగిపోతుంది. తనకి మరీ తెలిసిన సంగతి కాబట్టి తమ్ముడికి చెప్పాలనే తోచలేదు. అద్దం మసకబారడంతో వెనక ఏముందో కనబడక, వాడు తిప్పకుండా దించిన పురుగు ఒక్కటే బతికింది.

"ఇంక తిప్పను" అన్నాడు వాడు. ఆఖరి పలక ముట్టుకునే ముందు ఆవగింజలతో సాధన చేయించింది. ప్రతి ఆవగింజనీ తిప్పాడు. "నేను తిప్పడం లేదక్కా, చెయ్యి తిప్పుతోంది" అని దిగాలుగా కూచున్నాడు.

నేను చెక్క స్కేలు తెచ్చి, వాడి ముంజేతికీ అరచేతికీ కలిపి గుడ్డపీలికతో బిగించాను. మణికట్టు కదలదు. చేతికి వాచీ ఉండాల్సిన చోట స్కేలు. "టైము కాదు, దూరం చెబుతుంది" అన్నాను. వాడు ఆవగింజల డబ్బా ఖాళీ చేశాడు. ఒక్కటీ బోర్లా పడలేదు.

ఆఖరి పలక దగ్గర ఎవరం మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు, అది రాసిపెట్టుకోదగ్గ విషయం.

మర్నాడు మూత తీసేటప్పుడు మా ఆవిడ కళ్ళు మూసుకుంది. "మీరే చూసి చెప్పండి."

గిన్నెలకి ఈగలు గుత్తులుగా వేలాడుతున్నాయి. రెండే ఖాళీ. "కాయలు కాస్తున్నాయి" అన్నాను.

ముందు పుట్టిన రాణి మిగతావాటిని బతకనివ్వదట. అందుకని గదులు మూతపడ్డాక, ఒక్కోదానికి మా ఆవిడ జుట్టు చుట్టుకునే ప్లాస్టిక్ గొట్టం తొడిగింది. పుట్టే వేళకి చిన్నముల్లు పెట్టెకి చెవి ఆనించి కూచున్నాడు. లోపల ఒక రాణి పీ మని సన్నగా కూసింది. ఇంకా గదుల్లో ఉన్నవి బొంగురుగా బదులిచ్చాయి.

"అక్కా" అన్నాడు మెల్లగా, "నడుస్తోంది."

చలి వచ్చింది. అప్పటికే పాత రాణుల్ని తీసేసిన అయిదు పెట్టెలకీ అయిదుగురు కొత్త రాణులు కుదిరి, శాంతమైన ఈగలు పుట్టాయి. డాక్టరమ్మ మొదట జేబురుమాలు ఆరేసి పరీక్షించింది, తరవాత దుప్పట్లు ఆరేసింది. దించమన్న మాట మళ్ళీ ఎత్తలేదు.

రాణుల వీపు మీద గుర్తుకి తెల్లచుక్క పెట్టడానికి మా వాడే వచ్చాడు. ఒకదాన్ని రెండు వేళ్ళ మధ్య మెత్తగా పట్టుకున్నాడు, చుక్క పెట్టాడు. మణికట్టు మెల్లగా తిరిగింది. ఈసారి మా ఆవిడ ఆపలేదు.

"వెనక ఏముందిరా?"

వాడు భూతద్దంలోంచి చాలాసేపు చూశాడు.

"కీ ఇచ్చే చోటు ఎక్కడా లేదక్కా."