ముందు బంతి, తర్వాత దండం

కెనడాలోని గ్వెల్ఫ్‌లో నేనాడే అమ్మాయిల బేస్‌బాల్ జట్టుకు కోచ్ మొరిత గారు. జపాన్‌లో ఆయన పేరున్న క్యాచర్, అంటే బ్యాటర్ వెనక మాస్కు పెట్టుకుని బంతి పట్టే ఆటగాడు; తర్వాత మేనేజర్. అంపైర్లతో పోట్లాటల్లో ఇంకా పేరట. ముఖం మాస్కులో దాచుకోవచ్చని నేను క్యాచర్‌నయ్యాను.

"క్యాచర్ అరిచి జట్టును నడపాలి, ధరణీ. ఇవాళ కూడా నోరు విప్పకపోతే వేరే అమ్మాయిని పెడతాను," అన్నారాయన.

ఆటలో బంతి నా చేతుల్లోంచి జారి వెనక్కి దొర్లింది. దానికోసం తిరిగితే నా కాలు వెనకే నిలబడ్డ అంపైర్‌కు తగిలింది. చటుక్కున వంగి ఆయన బూటు తాకి కళ్ళకద్దుకున్నాను. ఈలోగా అవతలి జట్టు అమ్మాయి పరుగు తీసేసింది.

"అంపైర్‌ని కాకా పడుతోంది!" అన్నాడు అవతలి కోచ్.

"కాకా కాదు! కాలు తగిలితే మేమింతే!" అని మైదానమంతా వినబడేలా అరిచాను.

మొరిత గారు పరుగున వచ్చారు. "ఇంత గొంతు ఎక్కడ దాచావు? క్యాచర్‌వి నువ్వే. కానీ ముందు బంతి, తర్వాత దండం."

మళ్ళీ బంతి జారింది. నాకంటే ముందు అంపైరే కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు.