నీళ్ళకేం తక్లీఫ్ లేదు

నేలకు చెవి ఆనించి, అడుగున నీళ్ళు ఏ దిక్కుకు పారుతున్నయో చెప్పగల మొనగాణ్ని బొల్లారం మొత్తంల నేనొక్కణ్నే. ఓసారి గిట్లనే చెవి పెడితే పాతాళంల ఎవరో బిందె తోముతున్న చప్పుడు సుత వినబడ్డది. కాబట్టి నీళ్ళ కథ చెప్పే హక్కు నాది. నడుమల అడ్డం రాకండి.

మా పక్కింటి హదస్సాకు తెల్లారుడంటే కోడి కూసుడు కాదు, నల్లా దగ్గుడు. నీళ్ళొచ్చే ముందు పైపుల గాలి ఖళ్ళుఖళ్ళుమంటది. అప్పటికి అత్త ప్రేమమణి బైబిలు తెరిచి కూసుంటది, భర్త నతానియేల్ దుప్పటి ముసుగుల ఉంటడు. హదస్సా డ్రమ్ములు నింపాలె, తాగే నీళ్ళు వడగట్టి స్టీలు బిందెలకు పట్టాలె, బకెట్లు, గంగాళం, అత్తగారి మొక్కల డబ్బాలు, అన్నీ ధార ఆగేలోపే. ధార సన్నబడుతున్న కొద్దీ ఆమె ఊపిరి సుత సన్నబడుతది. అటెన్క వంట, టిఫిన్ బాక్సులు, అటెన్క సికింద్రాబాద్‌ల ఆఫీసు. గనులు తవ్వేటోళ్ళు చుట్టుపక్కల నీళ్ళను ఏం చేస్తున్నరో పరీక్షించే ఆఫీసది. దానికోసం భూమి పొరల చదువు చదివింది. "ఇంట్లో నీళ్ళు, ఆఫీసులో నీళ్ళు, నీకు బోరు కొట్టదా?" అంటడు నతానియేల్. బోరు అన్న మాటకు నవ్వాలె. అన్నప్పుడల్లా నవ్వాలె.

ఆ ఏడు గోదావరి దిక్కు బొగ్గుగని ఒకటి ఇంకా లోతుకు తవ్వుకుంటమని అడిగింది. గనిలకు ఊరే నీళ్ళను మోటార్లతోని తోడిపోస్తుంటే పక్క ఊళ్ళ బావులు దిగిపోతయి. ఎంత దిగుతయో తేల్చుడే హదస్సా పని. కంపెనీ వాళ్ళు ఇల్లిల్లూ తిరిగి అడిగిన్రట. ప్రభావం స్వల్పం, జనానికి నీటి ఇబ్బంది లేదు అని తేల్చిన్రు. ఆమెకు నమ్మబుద్ధి కాలె. గని పక్క ఊరికి తానే పోయింది.

అరుగు మీద సోమయ్య అనే పెద్దమనిషి కుర్చీ వేయించిండు. "మాకు నీళ్ళకేం తక్లీఫ్ లేదు మేడం. కడవల ఎప్పుడు చెంబు ముంచినా ఉంటయి."

నెత్తి మీది చుట్టకుదురు సుత తీయకనే, తలుపు చాటు నుంచి ఆయన భార్య అనసూయమ్మ అందుకున్నది. "ఉంటయి, ఎందుకుండయి? వాగు ఇసుకల చెలిమె గుంత తవ్వి, తోడుకొని నా నెత్తి మీద తెస్తున్న గద! బాయి ఎండింది, బోరింగు ఎండింది. ఆయనకేమెరుక? బాయి మొఖం చూసి ఎన్నేండ్లాయెనో."

"మొన్న వచ్చిన సార్లకు ఈ మాట చెప్పలేదా అమ్మా?"

"నన్నెవలు అడిగిన్రు బిడ్డా? చాయ్ పెట్టుమన్నరు, పెట్టిన. ఆ చాయ్ నీళ్ళు సుత నేను మోసినయే."

తిరిగొచ్చేటప్పుడు బస్సుల హదస్సా నవ్వుకుందామనుకుంది. నవ్వు రాలె. ముందటి ఆదివారం గుర్తుకొచ్చింది. ఆరాధన అయినంక చర్చి పెద్ద ఆర్థర్ గారు, "మీ వైపు నీళ్ళెలా ఉన్నాయి బాబూ?" అన్నడు. "మాకేం ఇబ్బంది లేదండీ, ఇరవై నాలుగ్గంటలూ ఉంటాయి" అన్నడు నతానియేల్. అబద్ధం ఆడలేదు పాపం! ఆయన ముంచిన చెంబుకల్లా నీళ్ళు తగిలినయి. పక్కనే నిలబడ్డ హదస్సా తల సుత ఊపింది. బిందెలెత్తిన నడుం నొప్పిని పాతికేళ్ళ వయసున్నప్పుడు ఎట్ల దాచిందో ఆనాడూ అట్లనే దాచింది. తన ఇల్లు సుత ఆ సర్వేల ఉంటే "ఇబ్బంది లేదు" అనే లెక్కల పడేదని ఆ బస్సుల తట్టింది. అట్ల పడనిచ్చింది తానేనని సుత తట్టింది.

నా చెవి సంగతి ఇక్కడ చెప్పేస్తే పోతది. ఆ చెవిని నమ్మి మా అల్లుడు బోరేయించిండు. దుమ్ము లేచింది, దుమ్ముల నుంచి అల్లుని తిట్లు లేచినయి. పాతాళంల బిందె చప్పుడంటరా, అది మా వంటింట్ల మా ఆవిడ తోముతున్నది. హదస్సా ఈ గోస చెప్పుకున్నది సుత మా ఆవిడకే. నేను గోడకు చెవి పెట్టినోణ్ని అంతే.

ఆఫీసుల మీటింగైంది. పెద్దసారు రాఘవేందర్ అన్నడు. "ఇంటి యజమాని చెప్పిందే లెక్క కదమ్మా. ఆడోళ్ళు అంటనే ఉంటరు. మా ఇంట్ల సుత పొద్దున లేస్తే నీళ్ళు లేవనే లొల్లి. నేను స్నానానికి పోయి చూస్తే బకెట్టు నిండుగ ఉంటది!"

అందరు నవ్విన్రు.

"సార్, ఒక్కసారి నీళ్ళు మోసేవాళ్ళను అడుగుదాం. తవ్వకం లోతుకు పోతే ఆ చెలిమె కూడా ఉండదు."

"మళ్ళీ అడిగితే మళ్ళీ ఆలస్యం. పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు. జెర సర్దుకోండి."

ఆ మాట ఇంట్ల సుత విన్నదే. పెండ్లయిన కొత్తల ప్రేమమణి అన్నది: "సర్దుకుపోమ్మా, ఇల్లన్నాక." "బావులు ఎండినయి" అని హదస్సా రాసింది, సారు దిద్దినంక అది "రుతువును బట్టి తగ్గుదల" అయింది. కంపెనీ రాసిన "స్వల్పం" స్వల్పంగనే ఉన్నది. తాను సంతకం పెట్టకుంటే పక్క కుర్చీ లక్ష్మణ్ పెడతడు. పెట్టింది. అనసూయమ్మ ముఖం కాదు, ఆమె నెత్తి మీది చుట్టకుదురు కండ్లల్ల మెదిలింది.

తెల్లారి నల్లా దగ్గింది. హదస్సా లేవలె. ధార వచ్చింది, మోరీల పడి పోయింది, ఆగింది. మొఖానికి సబ్బు రుద్దుకొని నతానియేల్ కేకేసిండు. "హదస్సా! డ్రమ్ములో చుక్క లేదు!"

"మీరే కదండీ యజమాని," అన్నది కదలకుంట. "మనకు నీళ్ళ ఇబ్బంది లేదన్నారుగా."

ప్రేమమణి బైబిలు మూసి కోడలి దిక్కు చూసింది. మొదటిసారి చూసినట్టు చూసింది.

బాగున్నది గద? మీకు సుత హాయిగున్నది గద? ఈ ఆఖరు ముక్క నేను కల్పించింది. మిగతాదంతా అయిందే.

ఆ పొద్దు నల్లా దగ్గింది, హదస్సా లేచింది. డ్రమ్ము అడుగున ధార పడ్డ చప్పుడు, అది నిండుతున్న కొద్దీ సన్నబడ్డ చప్పుడు గోడ ఇవతల నాకు వినబడ్డయి. కొంచెం సేపటికి బాత్‌రూంల నతానియేల్ చెంబు మీద చెంబు పోసుకుంట పాట అందుకున్నడు.