రేవులో బొంగురు గంట

నేను ఒక గంటను. గుడి గంటను కాను, బడి గంటను కాను. గోదావరి పాయ ఒడ్డున, రెండు తాటి స్తంభాల మధ్య వేలాడే రేవు గంటను. నా గొంతు బొంగురు. ఈ మాట నేనే ముందు చెప్పేస్తున్నాను. నన్ను విన్నవాళ్లంతా మొదట అనేది అదే. అననీయండి.

పుట్టడం మాత్రం గుడి కోసమే పుట్టాను. శేషాచారి అనే కంచరి ఉపవాసం ఉండి నా మూసకు మైనం దిద్దాడు. రాగి, తగరం కరిగి ఎర్రగా పొంగుతుంటే ఆడవాళ్లు వచ్చి దండం పెట్టుకుని తమ పాత గంటెలూ మట్టెలూ అందులో వేశారు. అందరి మొక్కులూ నాలో ఉన్నాయి. కరిగిన లోహం పోసే వేళకు చిన్న జల్లు పడింది. తడి తగిలిన చోట నా అంచు సరిగా అతకలేదు. కొట్టి చూస్తే ఖంగుమనలేదు, ముసలివాడు పిలిచినట్టు బొంయ్‌మన్నాను.

ధర్మకర్తగారు చెవులు మూసుకున్నారు. "ఇది స్వామివారికి పనికిరాదు" అన్నారు. నాకు అప్పుడూ ఇప్పుడూ ఒకటే సందేహం. ఆ మాట అన్నది ధర్మకర్తగారు కదా, స్వామివారిని ఎవరైనా అడిగారా? వాన కురిపించిందీ ఆయనే, మూస నిలబెట్టిందీ ఆయనే. ఆ రెండిటి మధ్య పుట్టిన నా గొంతు ఆయనకు ఎందుకు పనికిరాదు?

శేషాచారి నన్ను కొలిమి పక్కన మూలకు తోశాడు. కొంతకాలానికి నువ్వులంక నుంచి పడవ నడిపే మనిషి వచ్చాడు. నువ్వులంక అంటే పాయకు అవతల ఉన్న ఊరు. చుట్టూ నీళ్లు. ఆ ఏడాది ఇవతలి ఒడ్డున ఒక బాలింత కాలు జారి పాయలో పడిపోయింది. ఆమె అరుపు అవతలికి వినబడలేదు. "ఎంత బొంగురైనా పర్లేదండి. నీళ్లు దాటి వినపడితే సాలు" అన్నాడాయన. నన్ను కొట్టి విని, కళ్లు తుడుచుకుని, ఎత్తుకుపోయి ఇవతలి ఒడ్డున వేలాడదీశాడు. సన్నటి గొంతులు గాలికి చెదిరిపోతాయి. నాది నీళ్ల మీద పాకుతూ పోతుంది.

అప్పుడే ఊరు ఒక కట్టుబాటు పెట్టుకుంది. పడవ కావాలంటే గంట ఒక్కసారి కొట్టాలి. కొట్టి కూర్చోవాలి. ఆపకుండా కొడితే మాత్రం ఎవరో నీళ్లలో పడ్డారని అర్థం. అది వింటే లంకలో ఎవరూ ఇంట్లో ఉండకూడదు.

తొందర మనుషులకు ఇది అర్థం కాదు. చాలా ఏళ్లకు వచ్చిన సుగుణావతమ్మకూ కాలేదు.

ఆమె పట్నం మనిషి, కథలు రాసేది. భర్త పోయాక ఆమెకు మిగిలింది ఆ రాతే. పత్రికలవాళ్లు కథలు తిప్పి పంపేవారు. "మీ కథల్లో అందరూ మీలాగే మాట్లాడుతున్నారు" అని ఒక సంపాదకుడు ముఖం మీదే అన్నాడట. ఇక్కడ వారం రోజులుండి లంక మీద ఒక వ్యాసం రాసుకుపోదామని మిట్టమధ్యాహ్నం ఎండలో వచ్చి నా తాడు పట్టుకుంది. ఒకసారి కొట్టింది. పడవ కనబడలేదు. ఇంకేముంది, వాయించేసింది.

అన్నాల ముందు నుంచి ఊరంతా లేచి వచ్చింది. మోకులు, గెడలు, ఎంగిలి చేతులు. పడవ నడిపే సత్తిరాజు నీళ్లలోకి దూకేశాడు. అతని పెళ్లాం పల్లాలమ్మ పడవ ఒడ్డుకు తగలకుండానే అరిచింది.

"ఎవురండీ పడిపోయింది? ఎక్కడండీ?"

"ఎవరూ పడలేదు. పడవ కోసం కొట్టాను" అంది సుగుణావతమ్మ, గొడుగు కింద నిలబడి.

పల్లాలమ్మ నడుం మీద చేయి పెట్టుకుని ఆమెను పైనుంచి కిందకు చూసింది. "అమ్మగోరూ, మా ఆయన పులుసు కూడు వొదిలేసి దూకాడండి. తవరు గొడుగేసుకుని నిలబడ్డారా? అయితే ఇప్పుడు తవరే దూకండి, మేం సూత్తాం."

అందరూ పగలబడి నవ్వారు. సుగుణావతమ్మ ముఖం ఎర్రబడింది. కానీ పడవలో కూర్చున్నాక ఆ మాటలే పెదాలతో మళ్లీ అనుకోవడం నేను చూశాను. వారం అన్న మనిషి సత్తిరాజు వసారాలో సామాను దింపి, అక్కడే ఉండిపోయింది.

మొదటి కథ పడవలోనే చదివి వినిపించింది. వంకాయ గంపల మధ్య ఆడవాళ్లు చెవులప్పగించి విన్నారు. ఇవతలి ఒడ్డుకు వచ్చేసరికి పల్లాలమ్మ మూతి ముడుచుకుంది.

"మేం ఇంతలా ఎప్పుడేడిచామండీ? వరదొత్తే ఏడుత్తాం, నిజమే. నీరు తీసేశాక బురదలో జారిపడి నవ్వుకోమేటి? నవ్వంతా మింగేశారు తవరు."

సుగుణావతమ్మ ఆ కాగితాలు చింపేసింది. నా స్తంభానికి ఆనుకుని కూర్చుని మళ్లీ రాసింది. అప్పటినుంచి ఏ కథైనా ముందు పడవ దాటాకే పోస్టుకు వెళ్లేది. ఇప్పుడు పత్రికలు తిప్పి పంపడం మానేశాయి. ఊరు ఆమెకు రాతలమ్మ అని పేరు పెట్టింది. పల్లాలమ్మ నోట 'తవరు' పోయి 'నువ్వు' వచ్చింది. ఒకనాడు రాతలమ్మ పట్నం నుంచి వచ్చి నన్ను ఒక్కసారే కొట్టి కూర్చుంది. అవతల సత్తిరాజు తలెత్తకుండానే, "మన రాతలమ్మేలే" అన్నాడు. ఆ మాట ఆమెకు వినపడలేదు. నాకు వినపడింది.

నా మీద కూడా ఒక కథ రాసింది. ప్రాణం మీదికి వచ్చింది దానివల్లే.

ఆ కథ ధర్మకర్తగారి కొడుకు చదివారు. ఇప్పుడు ఆయనే ధర్మకర్త. ఇద్దరు పనివాళ్లను, జీపును వెంటబెట్టుకుని రేవుకు వచ్చారు. పడవ అవతల ఉంది. పోస్టుకు వెళ్లి తిరిగివచ్చిన రాతలమ్మ ఒక్కతే ఒడ్డున ఉంది. పనివాళ్లు అప్పటికే నా కొక్కెం మరలు విప్పుతున్నారు.

"మీరేనా అమ్మా రచయిత్రి? చల్లని మాట రాశారు. ఇది మా గుడి పేరున పోసిన గంట. స్వామివారి సొత్తు. మెరుగు పెట్టించి ముఖమండపంలో గాజు పెట్టెలో పెడతాం. కింద రాతిపలక మీద మీ పేరు చెక్కిస్తాం" అన్నారాయన.

రాతిపలక మీద పేరు అంటే రాసే మనుషులకు చిన్న సంగతి కాదు. నేను ఊపిరి బిగబట్టాను.

"మోగిస్తారా?" అని అడిగింది రాతలమ్మ.

"మోగించడం దేనికమ్మా! ఆ గొంతు మీరు వినలేదా? ఊరికే చూడడానికి."

"రేవుకో?"

"ఏదో ఒకటి చూసుకుంటారు లెండి."

ఆమె సంచీ కింద పెట్టింది. కొంగు నడుముకు చుట్టింది. పనివాడి చేతిలోంచి నా తాడు లాక్కుని వాయించింది. నా జన్మలో ఎన్నడూ అంత బొంగురుగా, అంత పొగరుగా మోగలేదు. ధర్మకర్తగారు చెవులు మూసుకున్నారు, అచ్చం తండ్రిలాగే.

లంక కదిలింది. పడవలు బయల్దేరాయి. సత్తిరాజు చొక్కా విప్పి మోకు భుజాన వేసుకున్నాడు. పల్లాలమ్మ మునివేళ్ల మీద నిలబడి కేకేసింది.

"రాతలమ్మా! ఎవురే మునిగిపోతంది?"

"గంటే! గంటను పట్టుకుపోతున్నారు!"

పల్లాలమ్మ ఒడ్డెక్కి ముందు నన్ను చూసింది, తరవాత ఆయన్ను. చేతులు జోడించింది. "అయ్యా, సామికి మేం రోజూ దణ్ణం ఎట్టుకుంటాం. ఆయన సొత్తంటే మాకూ బయ్యమే. ఒక్క మాట సెప్పండి. రేపు మా పిల్లెవత్తైనా రేవులో పడిపోతే తవరి గాజు పెట్టె ఇక్కడికొచ్చి అరుత్తాదా?"

ధర్మకర్తగారు గొంతు సవరించుకున్నారు. "దేవుడి సొమ్ము మీద మీకు హక్కేమిటి?"

"పనికిరాదని మీ నాన్నగారే అన్నారుగా" అంది రాతలమ్మ. "దేవుడు మాత్రం అనలేదు. ఆయన ఇక్కడే వాడుకుంటున్నాడు. నా పేరు ఏ పలక మీదా వద్దు. మరలు బిగించమనండి."

పనివాళ్లు ధర్మకర్తగారి వైపు చూశారు. ఆయన ఒడ్డు నిండా ఉన్న మోకుల వైపు, గెడల వైపు చూశారు. మరలు బిగిశాయి. వెనక్కి తిప్పబోతే జీపు ఇసుకలో దిగబడింది. నవ్వు ఆపుకుంటూ మా వాళ్లే భుజం వేసి తోసిపెట్టారు. పల్లాలమ్మ ఆయనకు కొబ్బరిబోండం కొట్టి ఇచ్చింది. "తాగండి బాబూ, కోపం సల్లారుద్ది." తాగారు. పాపం, చెడ్డ మనిషేం కాదు. మోగేదాన్ని దాచిపెట్టడమే భక్తి అనుకున్నారు, అంతే.

నాకు చిలుం పట్టింది. అంచు ఇంకా కొంచెం విచ్చుకుంది. ఏదో ఒక వరదలో స్తంభాలతో సహా కొట్టుకుపోతానేమో. పోనీయండి. ఏ ఇసుక కింద ఉన్నా గాజు పెట్టెలో ఉన్నట్టు కాదు. స్వామికి హారతి వేళ వినడానికి వేరే గంటలు ఉన్నాయి. నీళ్లలో పడినవాడు ఆయన్నే పిలుస్తాడు. ఆ పిలుపును మోసుకుపోయేది నేను. నా గొంతు ఆయనకు బాగా తెలుసు.

మీరు ఈ రేవుకు వస్తే ఒక్కసారే కొట్టండి. కొట్టి, స్తంభానికి ఆనుకుని కూర్చోండి. అక్కడ రాతలమ్మ రాసుకుంటూ కనబడితే పలకరించకండి, పడవ ఎక్కాక తనే వినిపిస్తుంది. మునిగిపోతుంటే మాత్రం మొహమాటపడకండి. ఆపకుండా కొట్టండి. బొంగురుగా ఉందని ఇక్కడెవరూ చెవులు మూసుకోరు.